చేదోడు సంతకం

మార్చి 3, సోమవారం

యూనియన్ వాళ్ళు నర్సులందరికీ తలా ఒక నోటుపుస్తకం పంచారు. నెల రోజులపాటు రోజూ నాలుగు గడులు నింపాలట. ఎన్నింటికి వచ్చావు, ఎన్ని మంచాలు, ఎంతమంది మనుషులు, మధ్యలో ఒక్కసారైనా కూర్చున్నావా. అవన్నీ పోగేసి జీతాల సంగతీ మనుషుల కొరత సంగతీ పైవాళ్ళ ముందు పెడతారట.

పంచింది రేడియో. యూనియన్ కార్యదర్శి. పదహారేళ్ళ కిందట నా వార్డుకే ట్రైనింగుకి వచ్చింది. అప్పుడూ ఇంతే, ఒకసారి మొదలైతే ఆగేది కాదు. ఆ పేరు పెట్టింది నేనే.

"అక్కా, కూర్చున్నావా అన్న గడిలో మాత్రం అబద్ధం రాయకు" అంది.

"కూర్చోవడం అంటే ఎలా ఉంటుందో మర్చిపోయానే, బొమ్మ గీసి చూపించు" అన్నాను.

ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే ఆ గడులు చూడగానే విసుగు పుట్టింది. ముప్ఫై నాలుగేళ్ళుగా గడులు నింపడమే నా బతుకు. అందుకని పుస్తకం తిరగేసి వెనకవైపు నుంచి ఇది మొదలుపెట్టాను. ముందువైపు యూనియన్‌ది, వెనకవైపు నాది. ఇది ఎవరికీ చూపించను. ఆగస్టు ఆఖరుకి రిటైరైపోతాను. ఈ ఐదారు నెలలూ నా వార్డు నాకు గుర్తుండేలా రాసుకుంటే చాలు.

మార్చి 4

కాళ్ళు. రేపు రాస్తాను.

మార్చి 6, గురువారం

ఇవాళ దుప్పట్ల గది బీరువా సర్దుతుంటే పాత టీ గ్లాసులు కనిపించాయి. ఏడు. అడుగున ఒక్కోదానికి ఒక్కో రంగు గోళ్ళరంగు చుక్క. నాది ఎరుపు. నేను చేరిన కొత్తల్లో ఉదయం షిఫ్టుకి ఏడుగురం ఉండేవాళ్ళం. పదిన్నరకి పెద్దక్క దుప్పట్ల గది తలుపు దగ్గరగా వేసేది. ఉతికిన దుప్పట్లు ఇద్దరిద్దరం చెరో కొసా పట్టుకుని మడతపెడుతూ, మధ్యలో గ్లాసులు మార్చుకుంటూ, నవ్వుకుంటూ పావుగంట. పావుగంటంటే పావుగంటే. తరవాత ఎవరి మంచాల దగ్గరికి వాళ్ళు. ఆ గదిలో గంజి వాసన, ఇస్త్రీ వేడి, ఏడుగురి మాటలు. అంత సుఖం నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. సొంతింట్లో కూడా దొరకలేదని రాస్తే ఆయన చదివి ఏడుస్తారు. ఎలాగూ చదవరు.

పెద్దక్క అంటే అప్పటి మా హెడ్ సిస్టర్, ఇప్పుడు ఆ పని నాది. చేదోడు సంతకం ఆవిడ పెట్టిన పద్ధతే. ఎవరికైనా ఇంట్లో కష్టం వచ్చి రాలేకపోతే డ్యూటీ షీటులో ఆ పేరు కొట్టెయ్యకూడదు. వచ్చినట్టే రాసి పక్కన ఇంకొకరు చిన్న సంతకం చెయ్యాలి. చేసినవాళ్ళు ఆమె మంచాలు కూడా చూసుకోవాలి. అమ్మ పోయినప్పుడు నేను పదకొండు రోజులు రాలేదు. తిరిగొచ్చి షీటు తీస్తే పదకొండు రోజులూ నేను హాజరు! నా పేరు పక్కన రోజుకొక చేతిరాత. దుప్పట్లలో మొహం పెట్టుకుని ఏడ్చాను. అమ్మ పోయినందుకా, వీళ్ళు ఉన్నందుకా అంటే ఇప్పటికీ చెప్పలేను.

ఇవాళ్టి డ్యూటీ షీటు కూడా పూర్తి చేశాను. ఆరుగురు. ఎప్పటిలాగే.

మార్చి 9, ఆదివారం

సెలవు. అత్తగారు పొద్దున్నే "ఏమ్మా, ఇవాళ కూడా మమ్మల్ని పేషెంట్లలాగే చూస్తావా, కాస్త మనుషుల్లా చూస్తావా?" అన్నారు. మందు ఇస్తూ పేరు అడిగానట. ఇంట్లో ఉన్నవాళ్ళు ముగ్గురం. పేరు అడిగి, సరిచూసుకుని, మందు ఇవ్వడం చెయ్యి దానంతట అదే చేస్తోంది.

ఆయన పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. మధ్యాహ్నం నాలుగు గంటలు చచ్చినట్టు నిద్రపోయాను.

మార్చి 11, మంగళవారం

మేష్టారు బతికారు. ఇవాళ్టికి ఇంతే రాయగలను.

మార్చి 12, బుధవారం

రాయాలని లేదు. అయినా రాసుకోవాలి.

పదిహేడో మంచం మేష్టారిది. పద్దెనిమిది తాపీమేస్త్రీది. మేస్త్రీకి షుగరు, పొద్దున టిఫిను ముందు ఇన్సులిన్ సూది వెయ్యాలి. మేష్టారికి ఆయాసం తప్ప ఇంకే రోగమూ లేదు. సోమవారం మధ్యాహ్నం మేష్టారికి ఆక్సిజన్ కావాల్సొచ్చింది. గొట్టం పద్దెనిమిది దగ్గర గోడకే ఉంది. నేనే రెండు మంచాలూ అటుదిటూ ఇటుదటూ జరిపాను. నంబర్లు గోడమీద ఉంటాయి. అవి జరగవు.

ఆ మాట తరవాతి షిఫ్టుకి చెప్పలేదు. పెద్దక్క రోజుల్లో డ్యూటీ దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ కలిసి మంచం మంచానికీ వెళ్ళి, కమ్మీ మీద చెయ్యివేసి, ఆ మనిషి గురించి చెప్పుకునేవాళ్ళం. రాత్రి ఏడ్చాడు, కూతురికోసం చూస్తున్నాడు, ఎడమచేతికి సూది వెయ్యకండి అని. ముప్ఫై మంచాలకి ముప్పావుగంట. ఇప్పుడు తలుపు దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో అప్పగించేస్తాం. చెప్పాల్సింది ఉందని తెలుసు. బస్సు వెళ్ళిపోతుందన్న తొందరలో వచ్చేశాను.

మంగళవారం పొద్దున నేనూ పరుగూ ఇద్దరమే. పరుగంటే మా వార్డులో అందరికన్నా చిన్నది. నడవడం చేతకాదు దానికి, ఎప్పుడూ పరుగే. ఒప్పందం మీద చేస్తోంది. నేను చేసే పనే చేస్తుంది, నా జీతంలో మూడోవంతు వస్తుంది. ముందురోజు పక్క వార్డులో రెండు షిఫ్టులు కలిపి చేసింది. మంచాలు ముప్ఫై నాలుగు, నాలుగు వరండాలో. మంచాల మాట దానికీ చెప్పకుండానే నేను ఆ చివర ఒకాయనకి ఫిట్స్ వస్తుంటే వెళ్ళి పట్టుకుని ఉన్నాను. అది గోడమీద పద్దెనిమిది చూసి, పద్దెనిమిదికి సూది వేసేసింది. పేరు అడగలేదు.

అరగంటకి మేష్టారికి చెమటలు, మాట తడబాటు. గ్లూకోజు ఎక్కించాం. పదకొండుకి కళ్ళు తెరిచి "ఏమ్మా, నన్ను ఫెయిలు చేశారా?" అన్నారు. పరుగు అక్కడే నేలమీద కూలబడి "పేరు అడగలేదక్కా, నిలబడే నిద్రపోయాను" అని ఒకటే ఏడుపు.

మంచాలు నేను జరిపానని దానికి చెప్పాను. ఆఫీసులో ఇంకా చెప్పలేదు. అడగలేదు కదా.

మార్చి 14, శుక్రవారం

పరుగుని డ్యూటీ నుంచి పక్కన పెట్టారు. వచ్చే గురువారం విచారణ. ఒప్పందం మనిషి కాబట్టి ఒక్క కాగితంతో పోతుంది. నిర్లక్ష్యం అని రాస్తే ఇంకెక్కడా ఉద్యోగం ఇవ్వరు. కారణం ఏం రాశారంటే: ఆ షిఫ్టులో ఆరుగురు నర్సులు ఉండగా, పని ఒత్తిడి లేకపోయినా, పేరు సరిచూడకుండా.

సాయంత్రం రేడియో ఇంటికొచ్చింది. ఎప్పుడూ గుమ్మంలోంచే మొదలుపెట్టేది, ఇవాళ కుర్చీలో కూర్చుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. అత్తగారు కూడా గమనించి "ఏంటమ్మా, బ్యాటరీ అయిపోయిందా?" అన్నారు.

"అక్కా, ఆ రోజు ఎంతమంది ఉన్నారు?"

"షీటులో ఆరుగురు."

"నేను షీటు అడగలేదు."

నేను గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళాను. ఇంకా టీ తాగలేదని అది అరిచింది.

"ఇద్దరిని ఆపరేషన్ థియేటరుకి లాక్కుపోయి ఆరేళ్ళయింది. ఒకామె కాన్పు సెలవు. ఒకామె నడుం పోయి ఇంట్లో పడుకుని ఉంది. ఆ నలుగురి పేర్లూ రోజూ ఎవరు రాస్తున్నారక్కా?"

"పోస్టులు పోకూడదని రాశాను. ఖాళీ అని చూపిస్తే ఎత్తేస్తారు. వార్డే మూసేస్తారు. నీకేం తెలుసు? నువ్వు చేరినప్పుడు ఆ వార్డు ఎలా ఉండేదో..."

"తెలుసక్కా. ఆ వార్డులోనే కదా పని నేర్చుకున్నాను." కళ్ళు తుడుచుకుంది. "రెండేళ్ళుగా మనుషులు చాలడం లేదని పైవాళ్ళ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళామో నీకు తెలుసు. ప్రతిసారీ నీ షీటు తీసి మా ముందు పెడుతున్నారు. ఇదిగో, అన్నిటికన్నా బరువైన వార్డులో ఆరుగురున్నారు, ఆవిడకి లేని బాధ మీకెందుకు, అంటున్నారు. ఆ పేర్లు ఉత్తుత్తివని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు."

గురువారం వచ్చి నిజం చెప్పమంది. చెప్పకపోతే పరుగు పోతుంది, చెబితే నామీదకి వస్తుంది, ఆ సంగతి దాచను అంది. టీ చల్లారిపోయింది.

మార్చి 15

తలనొప్పి. యూనియన్ మీటింగుకి వెళ్ళలేదు. తలనొప్పి నిజమే.

మార్చి 16, ఆదివారం

పెద్దక్కని చూడ్డానికి వెళ్ళాను. చెల్లెలి ఇంట్లో ఉంటోంది. మోకాళ్ళు పోయాయి గానీ మాట పోలేదు. మంచం మీద దుప్పటి మూలలు ఇప్పటికీ మా వార్డు మడతే. వంగి ఒక మూల తడిమి చూశాను.

నిజం చెప్పాలంటే, ఆవిడ నన్ను మెచ్చుకుంటుందని వెళ్ళాను. నీ పద్ధతి నేను చివరిదాకా నిలబెట్టాను అని చెప్పాలనుకున్నాను. చెప్పాను. మొత్తం చెప్పాను, మంచాలు జరిపిన సంగతితో సహా.

పెద్దక్క మోకాళ్ళ మీద దుప్పటి సర్దుకుంది.

"నేను పెట్టిన సంతకం ఒక మనిషి రాలేని రోజుకే పిల్లా. రేపో మాపో వచ్చే మనిషికి. నువ్వు రాని మనుషులకి ఆరేళ్ళు పెట్టావు."

"వార్డు నిలబడాలని అక్కా. మనం ఏడుగురం ఉన్నప్పుడు..."

"ఏ ఏడుగురం?"

పేర్లన్నీ చెప్పాను. గ్లాసుల రంగులతో సహా చెప్పాను. ఆవిడ వింటూ వేళ్ళు మడిచింది.

"నువ్వు చేరిన రెండో ఏడాదికే ఇద్దరిని తీసేశారే. మనం ఎంతకాలం ఉన్నాం ఏడుగురం? ఏడాది. తరవాతంతా ఐదుగురమే. నేనే రాసేదాన్ని ఆ రెండు పేర్లూ, నీలాగే, అదే భయంతో. పోస్టులు నిలిచాయా? నిలవలేదు. రాస్తున్నాం కదా అని మనుషుల్ని పంపడం మానేశారు. గ్లాసులు మాత్రం ఏడూ కడిగి పెట్టేదాన్ని. మీరు చిన్నపిల్లలు, గుండె జారిపోతారని."

నేను నమ్మలేదు. నమ్మనని ఆవిడతో అన్నాను కూడా. బస్సులో వస్తూ లెక్కేసుకున్నాను. అమ్మ పోయినప్పుడు నా పేరు పక్కన పదకొండు సంతకాలు. ఎన్ని రకాల చేతిరాతలు? కళ్ళు మూసుకుంటే ఆ షీటు ఇప్పటికీ కనిపిస్తుంది. నాలుగు. నాలుగే. మూడో ఏడాది అది. నాలుగు చేతిరాతలే తిరిగి తిరిగి వచ్చాయి.

వచ్చేటప్పుడు పెద్దక్క నా చెయ్యి పట్టుకుని "అప్పుడు నేను చెప్పి ఉంటే నీకీ పని తప్పేది" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు నేను మొదటిసారి చూశాను.

మార్చి 17

ఏడు గ్లాసులూ కడిగి తుడిచాను. మళ్ళీ బీరువాలో పెట్టాను. ఎందుకో తెలీదు.

మార్చి 18, మంగళవారం

ఒక కాగితం రాశాను, చింపేశాను. ఇంకోటి రాశాను, చింపేశాను. ఆయన చూస్తూనే ఉన్నారు. చివరికి చెప్పాను. పెన్షను ఆపొచ్చు, రిటైరయ్యే ముందు హోదా తగ్గించొచ్చు, పేపర్లో పేరు రావచ్చు.

ఆయన ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపారు. కాసేపు అలవాటుగా గోడవైపు, రోడ్డును చూసినట్టు చూశారు.

"పొద్దున బండి తీసేముందు ఒక పుస్తకంలో రాయాలి, తెలుసుగా? బ్రేకు సరిగా లేదని రాస్తే బండి ఆపేసేవాళ్ళు. ఆ రోజు నాకు తిట్లు. బాగుందని రాస్తే బండి వదిలేవాళ్ళు. ఆ రోజు నాకు హాయి. నేను ఎన్నిసార్లు బాగుందని రాశానో నీకెప్పుడూ చెప్పలేదు."

"ఏమైనా జరిగిందా?"

"నాకు జరగలేదు. నా తరవాత ఆ బండి ఎక్కినవాడికి జరిగింది. చెయ్యి పోయింది. పుస్తకంలో చూస్తే ముందురోజు నా రాత, బ్రేకు బాగుంది అని."

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఈ మాట వినలేదు. అత్తగారు లోపలినుంచి "పెన్షను లేకపోతే నా బంగారం గాజులున్నాయిలే, ఎలాగూ నువ్వు తీసుకునేవే" అన్నారు. అన్నీ వింటారు ఆవిడ. చెవుడు అవసరమైనప్పుడే.

మార్చి 20, గురువారం

చెప్పేశాను.

చిన్నగది, పొడుగు బల్ల. అటువైపు ముగ్గురు. మధ్యలో ఆఫీసు పెద్దాయన, షీట్లన్నీ ఆయన దగ్గరికే వెళ్తాయి. ఇటువైపు పరుగు. మామూలు బట్టల్లో ఎవరో కాలేజీ పిల్లలా ఉంది. రేడియో దానిపక్కన.

ఆరుగురున్నారు కదా అని ఆయన మొదలుపెట్టగానే లేచాను.

"షీటులో ఆరుగురు. వార్డులో ఇద్దరం. ఆ నాలుగు పేర్లూ రాసింది నేను. మంచాలు మార్చిందీ నేనే, మార్చానని చెప్పకుండా ఇంటికెళ్ళిందీ నేనే."

పెద్దాయన మంచివాడే, నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. గొంతు తగ్గించి "సిస్టర్, ఆ ఒక్కరోజు పొరపాటున రాశానని ఇవ్వండి. ఇక్కడితో అయిపోతుంది" అన్నారు.

"ఒక్కరోజు కాదండీ, ఆరేళ్ళు. షీట్లన్నీ మీ గదిలోనే ఉన్నాయి."

పక్కాయన అడిగారు, ఎవరైనా రాయమన్నారా అని. పెద్దాయన బల్లమీద పెన్ను తిప్పుతూ ఉన్నారు. ఆయనే అనేవారు, ఖాళీ గడులు పంపకండి సిస్టర్, నాకు తలనొప్పి అని. ఆ మాట చెప్పాను. "కానీ ఆయన అనకపోయినా రాసేదాన్నే. ప్రేమతో రాశాను. వార్డంటే ప్రేమ. అదే ఈ పిల్ల మీదకి వచ్చింది" అన్నాను.

బయటికి రాగానే పరుగు నన్ను గట్టిగా వాటేసుకుంది. రేడియోకి మాట రాలేదు. ఇది చరిత్రలో రాయాల్సిన సంగతి.

మార్చి 21

నాకు మెమో వచ్చింది. ఏప్రిల్ ఒకటిన హెడ్డాఫీసుకి రావాలి. అన్నం తిన్నాను. నిద్రపట్టింది కూడా.

మార్చి 28, శుక్రవారం

పరుగు మళ్ళీ డ్యూటీలో చేరింది. మందలింపుతో వదిలేశారు. మేష్టారు ఇంటికెళ్ళేముందు దాన్ని పిలిచి "నా పేరేంటో చెప్పు" అన్నారు. ఇంటిపేరుతో సహా చెప్పింది. "పాస్" అన్నారు. వార్డంతా నవ్వింది. నాకు దుప్పట్ల గది గుర్తొచ్చింది. గుర్తురావడంలో తప్పేముంది? ఐదుగురమైనా నవ్వింది నిజమే కదా.

యూనియన్ మీటింగుకి వెళ్ళాను. నా గురించి మాట్లాడతారేమోనని వెనకవరసలో ముడుచుకుని కూర్చున్నాను. అన్ని వార్డుల హెడ్ సిస్టర్లూ ఉన్నారు. పిల్లల వార్డామె లేచి, నేను కూడా మూడు పేర్లు రాస్తున్నాను అంది. తరవాత ఇంకొకామె. తరవాత ఇంకొకామె. ఎవరిమటుకు వాళ్ళం మా వార్డు కాపాడుకుంటున్నాం అనుకున్నాం. మొత్తం ఆసుపత్రి కాగితం మీద నిండుగా ఉంది. ఒకటో తారీఖు నుంచి ఖాళీని ఖాళీగానే పంపాలని చేతులెత్తాం. నా చెయ్యి ఎత్తేటప్పుడు బరువుగా ఉంది. ఎత్తాను.

ఏప్రిల్ 1, మంగళవారం

హెడ్డాఫీసుకి వెళ్ళేముందు వార్డుకి వెళ్ళాను. ఆరుంపావు. రాత్రి షిఫ్టు అమ్మాయిని ఆపి, పరుగుని తీసుకుని మంచం మంచానికీ తిరిగాం. కమ్మీ మీద చెయ్యివేసి. ముప్పావుగంట పట్టింది. ఆ అమ్మాయి బస్సు పోయింది, తిట్టుకుని ఉంటుంది.

డ్యూటీ షీటు పరుగు చేతిలో పెట్టాను. థియేటరు వాళ్ళిద్దరి పేర్లకీ ఎదురుగా లేరు అని రాసింది. కాన్పు సెలవామెకి లేరు. నడుం నొప్పామెకి లేరు. తన పేరుకి ఎదురుగా సంతకం పెట్టుకుంది. చివర నా పేరు. పెన్ను అక్కడ ఆపి నావైపు చూసి నవ్వింది.

"మీరు వెళ్ళిరండక్కా. మీది నేను పెట్టేస్తాను. చేదోడు."

ఎంత ప్రేమగా అందో. ముప్ఫై ఏళ్ళ కిందట నాకు దొరికిందీ అదే ప్రేమ. పెట్టనివ్వాలని ఎంత అనిపించిందో రాయలేను. దాని చెయ్యి పట్టుకున్నాను.

"వద్దే. లేనని రాయి."

రాసింది. లేరు. ఈ వార్డులో చేరాక నా పేరు ఎదురుగా ఆ మాట ఎవరూ రాయలేదు. అమ్మ పోయిన పదకొండు రోజులు కూడా రాయలేదు. మెట్లు దిగుతూ ఏడ్చాను, సిగ్గుపడకుండా ఏడ్చాను.

హెడ్డాఫీసు వరండాలో నా వంతు కోసం ఉండగా రేడియో ఫోను చేసింది. ముప్ఫై నాలుగు మంచాలకి ఒక్కరే అని షీటు వెళ్ళేసరికి ఆఫీసులో గగ్గోలట. తొమ్మిదిన్నరకి థియేటరు నుంచి ఒకామెని కిందికి దింపారట. రెండో ఆమెని ఇవ్వరట. ఒక్కామే. ఆరేళ్ళు పేరు రాస్తే రాని మనిషి.

నా తీర్పు ఇంకా రాలేదు. పది రోజులు పడుతుందన్నారు.

ఇంటికొచ్చి పుస్తకం ముందువైపుకి తిప్పాను. నెల రోజులు తెల్లగా ఉంది. మొదటి వరస నింపాను. రేపు ఈ పుస్తకం రేడియోకి ఇచ్చేస్తాను, వెనకవైపుతో సహా.

వచ్చిన టైము: డ్యూటీకి రాలేదు.
మంచాలు: ముప్ఫై నాలుగు.
మనుషులు: తొమ్మిదిన్నర దాకా ఒకరు. తరవాత ఇద్దరు.
కూర్చున్నారా: కూర్చున్నాను. హెడ్డాఫీసు వరండాలో బల్లమీద, మూడు గంటలు.